రోగికి తెలియవలసిన సంగతి
(బండారులంక వార్షిక మహాసభయం దొసంగిన యుపన్యాసము)

 

మన బండారులంకలో చీర కొనవచ్చినవారు మడత విప్పి, చెంగు చూచి, నూలెట్టిది, రంగు నిలుచునా యని యడిగిన పిదపనే బేరమాడుదురు. విప్పి చూపుటకు మనమును వెనుదీయము. అట్టి మనమే వైద్యశాలకు బోయినప్పుడు, చదువని కాగితముపై వ్రేలిముద్ర వేసి వచ్చుచున్నాము.

మా పినతండ్రిగారికి ఒక యాసుపత్రిలో శస్త్రచికిత్స జరిగినది. కొన్ని యేండ్లకు నొప్పి మరల రాగా మఱియొక వైద్యునికడకు గొనిపోతిమి. "అప్పుడేమి తీసివేసిరి?" అని యాయన యడిగెను. ఇంటిల్లిపాదిలో నొక్కరికిని తెలియదు. సంతకము చేసినవాడను నేనే! ఆనాటి సిగ్గే నన్ను నేడీ వేదిక నెక్కించినది.

ఇది మా యింటి కథ మాత్రమే కాదు. మన గోదావరికే యెగువనున్న భద్రాచల ప్రాంతమును దలంపుడు. 2009వ సంవత్సరమున, నాటి ఉమ్మడి ఆంధ్రప్రదేశములోని ఖమ్మము జిల్లాలో, గర్భాశయ ముఖద్వార క్యాన్సరును నివారించు టీకాను 'పాత్' అను సంస్థ 10 మొదలు 14 ఏండ్ల బాలికలు సుమారు 14,000 మందికి వేయించినది. వారిలో వసతిగృహములలోని గిరిజన బాలికలు పెక్కురు. తరువాత పరిశీలించిన 9,543 అంగీకారపత్రములలో 1,948 వ్రేలిముద్రలవి. 2,763 వసతిగృహాధికారులు సంతకము చేసినవి. 2010 ఏప్రిలులో ఆ కార్యక్రమము నిలిపివేయబడినది. కొందఱు బాలికల మరణములకు టీకాయే కారణమని విచారణలో తేలలేదు. టీకాను దూషించుట నా యుద్దేశమును గాదు. తల్లిదండ్రులకు చెప్పక చేయుటయే దోషము. 2013లో పార్లమెంటు స్థాయీసంఘము దానిని తీవ్రముగా గర్హించినది.

చట్టము మన పక్షముననే యున్నది. 2008 జనవరిలో సమీరా కోహ్లీ వ్యాజ్యెమున సుప్రీంకోర్టు, చికిత్స యెట్టిదో, దాని ప్రయోజనమేమో, అపాయమేమో, వేఱు మార్గము గలదో లేదో తెలిపి పొందినదే నిజమైన యంగీకారమని తీర్పు చెప్పెను. 2002 నాటి వైద్యవృత్తి నియమముల ననుసరించి, రోగి కోరిన 72 గంటలలోపల చికిత్సాపత్రముల నీయవలెను.

కావున మన సంఘమువారు చదువెఱిగిన యువతీయువకులను నియమించి, ఆసుపత్రి కేగు నిరుపేద నేతకుటుంబములకు తోడుగా బంపవలెనని ప్రతిపాదించుచున్నాను. వారు కాగితము చదివి వినిపింతురు, సందేహముల నడుగుదురు, పత్రముల నడిగి తెచ్చి భద్రపఱుతురు. ఇందుకు ధనముకంటె ఓపిక ముఖ్యము. నూలెట్టిదని యడిగినవాడు నేతగానిని అవమానించినవాడు కాడు గదా! వైద్యుని ప్రశ్నించు రోగియు నట్టివాడే.

ఈ ప్రతిపాదనము నీ సభయందే యామోదింప వేడుచు సెలవు గైకొనుచున్నాను.