మనుబోతు, గవయము



గోదావరికి దక్షిణతీరమున ధర్మపురియు మంథెనియు వేదశాస్త్రాధ్యయనమునకు పేరువడసిన క్షేత్రములు. ఉత్తరతీరమున ఆదిలాబాదు అరణ్యములు. ఈ దరిని తర్కమునకు కూర్చున్న ప్రతి విద్యార్థియు ఉపమానప్రమాణమును చేరగనే గవయమను మృగము పేరు వల్లింపక తప్పదు. ఆ గవయము, నా తలంపున, ఆవలి దరిని నేటికిని మేయుచున్న మనుబోతు. పేరొక గట్టునను, పేరుగల ప్రాణి వేరొక గట్టునను ఇంతకాలము నిలిచియున్న ఈ విషయమే నేటి నా ప్రసంగమునకు వస్తువు.

ప్రత్యక్షానుమానములకు పిమ్మట న్యాయశాస్త్రకర్తయైన గౌతముడు ఉపమానమును వేరు ప్రమాణముగ పరిగణించెను. నగరవాసి యొకడు గవయమన్న పేరు విన్నాడే కాని, దానిని కన్నవాడు కాడు. అరణ్యవాసి నడుగగా, అది గోవును బోలియుండునని యాతడు చెప్పును. పిదప ఆ నగరవాసి యడవికి బోయి, గోసదృశమైన మృగమును గాంచి, విన్న మాటను స్మరించి, గవయమనగా నిదియే యని నిశ్చయించును. పేరునకును పేరుగల వస్తువునకును గల సంబంధము తెలియుటయే ఉపమితి యని పదునేడవ శతాబ్దమున ఆంధ్రుడైన అన్నంభట్టు తన తర్కసంగ్రహమున బాలురకు సైతము బోధపడునట్లు సంగ్రహించెను. ఇందు నాకు మిక్కిలి ప్రీతికరమైన దేమనగా, శాస్త్రకారులు గురుస్థానమున నిలిపినది పండితుని గాక అరణ్యవాసిని.

ఇంతకును గవయ మేది? నిఘంటుకారుడైన అమరసింహుడు దానిని సింహాదివర్గమున చేర్చెను. దానిని అడవిదున్న జాతిలోని దన్నవారు గలరు. మనుబోతే యన్నవారును గలరు. నేను రెండవ పక్షమువాడను. నైయాయికులు గోవునకు జెప్పిన అసాధారణధర్మము గంగడోలు. అది గవయమునకును ఉన్నచో గోలక్షణము అతివ్యాప్తిదోషమునకు లోనగును. అడవిదున్నకు మెడక్రింద గంగడోలు గలదు; మనుబోతునకు లేదు. దాని మగదానికి కంఠమున వ్రేలాడు కేశగుచ్ఛము మాత్రమే గలదు. నేటి జంతుశాస్త్రజ్ఞులు సైతము దీనిని లేళ్ల కుదుటినుండి తప్పించి, కొండగొఱ్ఱెతో గూర్చి, గోవులున్న ఉపకుటుంబముననే నిలిపిరి. కనుక ఆ అరణ్యవాసి చెప్పిన పోలిక కేవలము కంటికి దోచిన పోలిక గాదు.

ఇక వ్యవహారనామములు. హిందీలో నీలగాయి; గాయి యనినను, పారసీకమున గావ్ అనినను గోవే. సరిహద్దునకావల విదర్భమున రోహి. తెలుగున మనుబోతు. ఈ జాతిలో వయసువచ్చిన మగదియే నీలిచాయ గల బూడిదవన్నెది, కురుచకొమ్ములును దానికే. ఆడుది కపిలవర్ణము, కొమ్ములు లేనిది. అనగా నీలవర్ణము గలది గోవు కాదు, గోస్థానీయమైన ఆడుది నీలము కాదు. ఆ హిందీ పేరు మగదాని రంగును ఆడుదాని లింగముతో ముడివేసినది. తెలుగువాడు దున్నపోతు, మేకపోతులవలె మగదానిని జూచియే పేరు పెట్టెను. రోహి యన్న మాట వినినపుడు మాత్రము, ఎఱుపును దెలుపు రోహిత శబ్దము నాకు స్ఫురించును. ఐతరేయబ్రాహ్మణమున ప్రజాపతి ఋశ్యమను మృగ రూపమున వెంబడించిన కూతురు రోహిద్రూపిణియే గదా!

ఐరోపీయ శాస్త్రజ్ఞులకును ఈ పోలిక తికమకయే కలిగించినది. 1766లో పల్లాస్ మేకను ఒంటెతో గూర్చి దీనికి గ్రీకునామము గల్పించెను. 1816లో బ్లాంవిల్ దీని పేరున ఎద్దును లేడితో గూర్చెను. లండనునకు గొనిపోబడిన ఈ మృగములను విలియం హంటర్ పరిశీలించి 1771లో ప్రకటించిన వ్యాసమున మాత్రము మన దేశపు పేరే, ఉచ్చారణ కొంత చెడినను, నిలిచినది.

పేరు ప్రాణిని గాచుటయు గలదు. గాయి యన్న మాట వలన ఉత్తరదేశపు గ్రామములలో దీనిని చంపుటకు జనులు వెనుదీయుదురు. పంట నష్టమైనను ఓర్తురు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణచట్టము దీనికి రక్షణ గల్పించినది. అయినను పైరునాశము మితిమీరెనని 2015 డిసెంబరులో బీహారమునందలి కొన్ని జిల్లాలలో దీనిని పంటలకు పీడ యని ప్రకటించుటయు, మరుసటియేట వందలకొలది వధింపబడుటయు జరిగెను. రైతు దుఃఖము నిజమైనది. ఆ వధను గూర్చిన వ్యథయు నిజమైనదే.

ఆదిలాబాదు అరణ్యములలోని మన కవ్వాల్ అడవి 1965లో అభయారణ్యమై, 2012లో పులుల సంరక్షణకేంద్ర మయ్యెను. అక్కడ మనుబోతు దట్టమైన టేకువనములకంటె పొదలుగల బయళ్లనే కోరి తిరుగును; ఒకే చోట పెంట వేయు నలవాటు గలది గావున, దాని కుప్పలను బట్టి అడవి యెఱిగినవాడు జాడ చెప్పగలడు. అట్లు చెప్పగలవారు గోండులు, కోలాములు, నాయకపోడులు. కాని నేడు మన పిల్లలు పాఠశాలలలోను పత్రికలలోను నీలగాయి యనియే నేర్చుచున్నారు. మనుబోతన్న మాట మన కనులయెదుటనే మరుగగుచున్నది. తెలుగు పదమునకే ఇట్టి గతి పట్టగా, గోండీ, కోలామీ పదముల గతి యేమి?

కావున నిఘంటునిర్మాణమున శ్రద్ధగల యువకులను నేను కోరునది యిది: జన్నారము, ఉట్నూరు ప్రాంతములకు బొండు. గూడెములలోని పెద్దలయొద్ద కూర్చుండి, మగదానికి వారి భాషలో నేమందురో, ఆడుదానికి నేమందురో, దూడకు నేమందురో వేర్వేరుగ నడిగి, చెప్పినవారి యూరితో సహా వ్రాసికొని రండు. ఆడుదానికి తమ తెలుగులో నేమి పేరో కూడ అక్కడి రైతులను మఱవక యడుగుడు.