ఒకే గిన్నె: దోర్నకల్ సంఘాల కథ



ఈ ఉపన్యాసం ఎవరి పేరిట జరుగుతోందో ఆ మాస్టారు బతికుండగా ఏనాడూ వేదిక ఎక్కలేదు. మానుకోట వైపు పల్లెల్లో ఉపదేశిగా పనిచేశారు. అంటే వారమంతా బడి పంతులు, ఆదివారం గుడి సేవకుడు, మధ్యలో ఊరివాళ్ల ఉత్తరాలు రాసిపెట్టే మనిషి. అలాంటాయనను తలచుకుంటూ సిద్ధాంతంతో మొదలుపెడితే బాగుండదు. ఒక గిన్నెతో మొదలుపెడతాను.

మా ఊరి గుడిలో పూత పోయిన పాత గిన్నె ఒకటి ఉండేది. సంస్కారం ఆదివారం నాడు, అంటే ప్రభుభోజనం ఉన్న ఆదివారం, అయ్యగారు దాన్ని రెండు చేతులా పట్టుకొని, మోకరించిన వరుస వెంట మెల్లగా నడిచేవారు. ఒకరు తాగగానే అంచు తెల్లగుడ్డతో తుడిచి, కాస్త తిప్పి, పక్కవారికి అందించేవారు. ఆ వరుసలో ఎవరి పక్కన ఎవరు మోకరిస్తారో ముందుగా ఎవరికీ తెలియదు. అదే ఊళ్లో హోటల్ దగ్గర మా నాయనకు చాయ్ వేరే గ్లాసులో పోసేవారు. ఆ గ్లాసు చూరులో చెక్కి ఉండేది. తానే తీసుకోవాలి, తాగాక తానే కడిగి మళ్లీ చెక్కాలి. ఆంగ్లికన్ విశ్వాసం గురించి పుస్తకాల్లో చదివింది ఆ తర్వాత. మొదట తెలిసింది ఆ గిన్నె అంచు దగ్గరే.

హనుమకొండ అంటే అమెరికన్ బాప్టిస్టులు, మెదక్ అంటే వెస్లియన్లు గుర్తొస్తారు. ఆంగ్లికన్ల కథకు మాత్రం వరంగల్ స్టేషన్లో విజయవాడ వైపు బండెక్కి దోర్నకల్ జంక్షన్లో దిగాలి. నిజాం రాజ్యంలోని ఈ మూలకు మిషనరీలుగా వచ్చినవాళ్లలో తెల్లవాళ్లకన్నా ముందు చెప్పుకోవలసింది తమిళుల్ని. తిరునెల్వేలి క్రైస్తవులు 1903లో సొంత చందాలతో ఒక మిషనరీ సంఘం పెట్టుకొని ఇక్కడికి మనుషుల్ని పంపారు. ఆ సంఘం స్థాపకుల్లో ఒకరైన వేదనాయగం శామ్యూల్ అజరయ్య తానే వచ్చి తెలుగు నేర్చుకున్నారు. 1912 డిసెంబర్ 29న కలకత్తా సెయింట్ పాల్స్ కథీడ్రల్లో ఆయనకు బిషప్ అభిషేకం జరిగింది. ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ ఆయనే. ఆయన పీఠం ఏ మహానగరమూ కాదు, బొగ్గు బండ్లు మళ్లే ఈ జంక్షన్.

దానికి రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన ప్రపంచ మిషనరీ మహాసభలో ఆయన మాట్లాడిన మాటలకు సభ ఇబ్బంది పడింది. మీరు మాకోసం ఎన్నో త్యాగాలు చేశారు, సంతోషం, కానీ మమ్మల్ని స్నేహితులుగా చూడలేదు, ఆ స్నేహం ఇవ్వండి అన్నది దాని సారాంశం. ఆయన అడిగిందీ, మా నాయనకు హోటల్లో దొరకందీ ఒకటేనని నాకెప్పుడూ అనిపిస్తుంది.

దోర్నకల్ ఎపిఫనీ కథీడ్రల్ చూడనివాళ్లు ఒకసారి చూడండి. గుమ్మటాలూ మినార్లూ మసీదును తలపిస్తాయి, లోపలి స్తంభాలు మన వేయిస్తంభాల గుడి బంధువుల్లా ఉంటాయి. నిర్మాణం ఏళ్ల తరబడి సాగి, 1939 జనవరి 6న ప్రతిష్ఠ జరిగింది. ఎపిఫనీ అంటే ఆ రోజే, తూర్పుదేశపు జ్ఞానులు కానుకలతో వచ్చిన పండుగ. తేదీ ఊరికే కుదిరిందని నేననుకోను.

ఇక సంఘజీవితం. ఆంగ్లికన్ నమ్మకాలను నాలుగు ముక్కల్లో చెప్పేస్తారు: లేఖనాలు, విశ్వాస ప్రమాణాలు, బాప్తిస్మమూ ప్రభుభోజనమూ అనే రెండు సంస్కారాలు, బిషప్ పరంపర. పల్లెలో ఈ నాలుగూ ప్రార్థన పుస్తకంలోంచి వచ్చేవి. చదువురాని మా నాయనమ్మ విశ్వాస ప్రమాణాన్ని ఒక్క అక్షరం తప్పకుండా అప్పజెప్పేది. కొత్తగా వచ్చిన అయ్యగారు ఓసారి ఒక వాక్యం వదిలేస్తే, "అయ్యగారూ, నడుమ మాట మింగిన్రు" అని గుడిలోనే అంది. అచ్చువేసిన ప్రార్థనలో ప్రాణం ఉండదనేవాళ్లకు నా జవాబు మా నాయనమ్మే. ఆ పుస్తకం అయ్యగారిది ఎంతో ఆమెదీ అంతే.

ఏడాది కూడా ఆ పుస్తకం లెక్కనే తిరిగేది. మట్టల ఆదివారానికి ఈతమట్టలు కోసేవాళ్లం. కోతపండుగకు వడ్లు, కోళ్లు, కందులు బల్ల ముందు కుప్పపడేవి, ఆరాధన కాగానే వేలం. ఒక గుమ్మడికాయను పాడుకున్నవాడు మళ్లీ గుడికే ఇచ్చేసేవాడు. అలా ఒకే కాయ మూడుసార్లు అమ్ముడుపోవడం నేను చూశాను. ఇంట్లో ఎసరు పెట్టే ముందు పిడికెడు బియ్యం గుడి కోసం వేరు కుండలో వేసేవారు. పరాయి దేశపు డబ్బు మీద సంఘం బతకకూడదన్నది అజరయ్యగారి పట్టు. మా ఊళ్లో ఆ పట్టు నిలబడింది ఆ కుండ మీద.

ఆయన 1945 జనవరి 1న దోర్నకల్‌లో కన్నుమూశారు. జీవితమంతా కోరుకున్న ఐక్యత 1947 సెప్టెంబర్ 27న మద్రాసులో దక్షిణ ఇండియా సంఘంగా రూపుకట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటేరియన్, కాంగ్రిగేషనల్ సంఘాలవారు కలిశారు. బిషప్ తలమీద చేతులుంచి నియమించని పాస్టర్ల సేవనూ అంగీకరించారు. అది నచ్చక నంద్యాల వైపు ఆంగ్లికన్లు చాలామంది దశాబ్దాలపాటు బయటే ఉండిపోయారు. వాళ్లను మొండివాళ్లని నేననను, పరంపర అంటే వాళ్లకు ప్రాణం. కొత్త ఆరాధన క్రమం మాత్రం మాకొకటి ఇచ్చింది: ప్రభుభోజనానికి ముందు ఒకరి జోడించిన చేతుల్లో ఇంకొకరు చేయి ఉంచి సమాధానం, అంటే శాంతి, చెప్పుకోవడం. అంటరానితనం ఉన్న ఊళ్లో ఆ తాకిడి చిన్నది కాదు.

ఇంత చెప్పి ఒకటి దాచితే మాస్టారు ఊరుకోరు. గిన్నె కలిసింది, వియ్యం కలవలేదు. ఒకే వరుసలో మోకరించిన మాల, మాదిగ కుటుంబాలు పిల్ల సంబంధం దగ్గరికి వచ్చేసరికి ఎవరి వాడకు వాళ్లు పోయారు. సంఘ ఎన్నికల్లోనూ ఆ గీతే కనబడుతుంది. ఈ విషయంలో మనం ఓడిపోయాం.

కరోనా ఏడాది మా గుడిలో ఆ గిన్నె బీరువాలోకి వెళ్లి, చిన్న చిన్న ప్లాస్టిక్ కప్పులు వచ్చాయి. అప్పుడది న్యాయమే. రోగం తగ్గింది, కప్పులు మిగిలాయి. తలా ఒకటి తీసుకుంటున్నాం, ఎవరిది వాళ్లు తాగుతున్నాం, ఎవరి పక్కన ఎవరున్నా పట్టింపు లేదు. సంఘ పెద్దలు ఈ సభలో ఉన్నారు కాబట్టి అడుగుతున్నాను. వచ్చే సంస్కారం ఆదివారానికి ఆ గిన్నెకు పూత వేయించి బయటికి తీయండి. పూత ఖర్చు నాది.