తెలుగువాని పేరు విశేషణమైన విధము



పాల ప్యాకెట్టుమీద "పాశ్చరైజ్డ్" అను మాటను మీరెల్లరు చూచియుందురు. లూయీ పాశ్చరు అను ఫ్రెంచి శాస్త్రజ్ఞుని పేరే అట్లు పాలకు విశేషణమైనది. మన తెలుగువాని పేరునుండి పుట్టిన విశేషణమును ఒకటి కలదు. సాంఖ్యక శాస్త్ర గ్రంథములలో కనబడు "రావు-బ్లాక్‌వెలైజ్డ్" అనునది అదియే.

దాని యర్థమును మన ఓరుగల్లు ఎనుమాముల మార్కెట్టునకు పోయి చూతము. ఒక రైతు మిరప బస్తాలు తెచ్చెననుకొనుడు. ఐదు బస్తాలను తూచగా వరుసగా 38, 41, 40, 43, 38 కిలోలు తూగినవి. "మొదటిది 38 గదా, కావున బస్తాకు 38" అని యొకడనును. అదియు నొక అంచనాయే. కాని ఏ బస్తా ముందు కాటా యెక్కినదనునది హమాలీ చేతికి ఏది యందెనో దానినిబట్టి యుండును. బరువునుగూర్చి అది చెప్పునదేమియు లేదు. కావున ఆ యైదింటిలో ఒక్కొక్కటి మొదటిదైనచో అతడేమనునో చూచి, ఆ మాటలన్నిటి సగటు తీయుదము. 40 వచ్చును. వరుసవలన గలిగిన గాలివాటము పోయినది, తూకములలోని సారము నిలిచినది. అట్లు శుద్ధి చేయబడిన అంచనాయే రావు-బ్లాక్‌వెలైజ్డ్ అంచనా.

సగటు తీయుట మా తాతలకును తెలియునందురేమో. నిజమే. కాని ఎంత చిక్కు అంచనానైనను ఈ తీరున శుద్ధి చేయవచ్చుననియు, అట్లు చేసినచో అది మెరుగుపడునే గాని చెడదనియు నిరూపించుట వేరు. ఆ పని చేసినవారు కల్యంపూడి రాధాకృష్ణారావుగారు. వీరు 1920లో హడగలిలో ఒక తెలుగు కుటుంబమున జన్మించి, ఆంధ్ర విశ్వకళాపరిషత్తున గణితము చదివి, కలకత్తా చేరిరి. 1945లో అచటి గణిత సంఘపు పత్రికలో దీనిని ప్రకటించిరి. 1947లో అమెరికాలో డేవిడ్ బ్లాక్‌వెల్ అను నల్లజాతి పండితుడు స్వతంత్రముగా అదియే కనుగొనెను.

పిమ్మట బెర్క్‌సన్ అను అమెరికా పండితుడు ఈ ప్రక్రియకు బ్లాక్‌వెల్ పేరొక్కటియే చేర్చి వ్రాసెను. ముందు కనుగొన్నది తామని రావుగారు జాబు వ్రాయగా, రావు పేరుతో కట్టిన మాట వినుటకు ఇంపుగా లేదని అతడు బదులిచ్చెనట! చెవికింపునుబట్టి కీర్తిని పంచుట యేమి న్యాయము? ఏమైననేమి, లోకము తుదకు రెండు పేళ్లను నిలిపినది.

మరియొక చిత్రము. ఎనిమిదవ సంతానమగుటచే తలిదండ్రులు వీరికి కృష్ణుని పేరు పెట్టిరి. ఆ కృష్ణుడు విశేషణములోనికి రాలేదు. ఊరూర పదుగురికి గల "రావు" మాత్రమే చేరినది. 2023లో అంతర్జాతీయ సాంఖ్యక బహుమానము పొంది, ఆ యేటి ఆగస్టులోనే, 102 ఏండ్లు నిండినపిమ్మట, వారు పరమపదించిరి. కాలేజీలో చదువు మీ మనుమలు ఈ మాట చూచి "ఏ రావు?" అని యడిగినచో, కల్యంపూడివారని చెప్పుడు.