ఒకే జీపులో మూడు శాఖలు

ఇవాళ పట్టా అందుకుంటున్న మీలో అటవీ, గనుల, భూగర్భజల, నీటిపారుదల శాఖల వాళ్లున్నారు. ఫైళ్ల అనుభవంలో కొందరు నాకన్నా పెద్దవారు. అందుకని నీతులు చెప్పను, నీళ్ల సంగతి చెబుతాను.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2002లో నీరు, భూమి, చెట్ల చట్టం (వాల్టా) వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి ఉండాలంది. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. వరికి మద్దతు ధర ఢిల్లీలో ఖరారవుతుంది. ఈ మూడు ఫైళ్లూ ఏ సచివాలయంలోనూ ఒక బల్ల మీదికి రావు. రైతు బోరు దగ్గర మాత్రం కలుస్తాయి. ఒకటి తోడొద్దంటే, ఇంకొకటి మోటారు వేసుకోమంటుంది. రైతు ఏ మాట వింటాడో మీకు వేరే చెప్పాలా?

ఆ రోజుల్లోనే అనంతపురం నుంచి నల్లగొండ దాకా ఏడు కరవు జిల్లాల్లో మరో పని జరిగింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పాటుతో స్వచ్ఛంద సంస్థలు నడిపిన ప్రాజెక్టు అది. వాన ఎంత కురిసిందో, బావిలో నీరు ఎంత లోతున ఉందో రైతులే కొలిచి రాసుకున్నారు. రబీకి ముందు ఊరంతా కూర్చుని, ఉన్న నీరెంత, వేయాలనుకున్న పంటలకు కావలసిందెంత అని లెక్క కట్టారు. ఫలానా పంట వేయమని ఎవరూ ఆజ్ఞాపించలేదు, సబ్సిడీ ఎర చూపలేదు. అయినా చాలామంది వరి తగ్గించుకున్నారు. అన్ని ఊళ్లలోనూ నీటిమట్టం పెరిగిందని మాత్రం అనను.

ఉమ్మడి వనరులను వాడుకునేవాళ్లే ఇలా నిర్వహించుకోవడాన్ని అధ్యయనం చేసిన ఎలినార్ ఆస్ట్రమ్‌కు 2009లో అర్థశాస్త్ర నోబెల్ వచ్చింది. ఆమె 1965 నాటి పరిశోధన లాస్ ఏంజెలెస్ పక్కన భూగర్భజలాల గురించే. సముద్రపు ఉప్పునీరు బావుల్లోకి చొరబడుతుంటే, తోడుకునేవాళ్లే కూర్చుని ఎవరి వాటా ఎంతో తేల్చుకున్నారు. అక్కడా ఎవరు ఎంత తోడారో అందరికీ తెలిసేది. కోర్టు కూడా అండగా నిలిచిందనుకోండి. అధికారం అక్కర్లేదని నేననడం లేదు.

మీ శిక్షణలో సంప్రదింపులు జరపడం, నిర్ణయాలు తీసుకోవడం, వేదిక మీద మాట్లాడటం నేర్పారు. పనికొచ్చేవే. కానీ నీటి లెక్క మీ ల్యాప్‌టాప్‌లోనే ఉండిపోతే ఊరికి అది మరో సర్కారు ఉత్తర్వే.

అందుకే తొలి పర్యటనకు వెళ్లేటప్పుడు కరెంటు శాఖ అసిస్టెంట్ డివిజనల్ ఇంజనీరును అదే జీపులో ఎక్కించుకోండి. వ్యవసాయాధికారికీ చోటుంచండి. రబీకి ముందే వెళ్లండి. నారుమళ్లు పోశాక వెళ్తే మీ లెక్క వినే ఓపిక ఎవరికీ ఉండదు.