సన్మానం చాలదు, వాదన నేర్వాలి

(కరీంనగర్‌లో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



సభలో ఎట్లా మాట్లాడాలో చెప్పమని నన్ను పిలిచారు. మైకు ముందు భయం ఎట్లా పోతుందో చెబుతానని మీరు అనుకొని ఉంటారు. దానికంటే ముందు, మాట్లాడటమనే విద్య ఎందుకు పుట్టిందో, అది మనదాకా ఎందుకు రాలేదో చూద్దాం.

క్రీస్తుపూర్వం 5వ శతాబ్దంలో సిసిలీ ద్వీపంలోని సిరక్యూజ్ నగరంలో నిరంకుశ పాలకులు కూలిపోయారు. వాళ్లు గుంజుకున్న భూముల కోసం జనం న్యాయస్థానాలకెక్కారు. ఎవరి దావా వాళ్లే చెప్పుకోవాలి. అట్లా చెప్పుకోవడం నేర్పినవాళ్లు కోరాక్స్, టిసియాస్ అనీ, వక్తృత్వ శాస్త్రం అక్కడే మొదలైందనీ గ్రీకుల నుంచి వచ్చిన కథనం. దొరలు భూములు గుంజుకున్న చరిత్ర తెలిసిన మనకు ఇదేమీ వింతగా తోచదు.

తర్వాత అరిస్టాటిల్ ప్రసంగాలను మూడు రకాలుగా విడదీశాడు. న్యాయస్థానంలో జరిగిపోయిన దాని గురించి వాదించేది ఒకటి. సభలో ఇక ముందు ఏం చేయాలో తేల్చేది రెండోది. ఒకరిని పొగిడేది, లేదా తెగడేది మూడోది. అయితే ఆయన కాలపు ఏథెన్సులో స్త్రీలకు, బానిసలకు సభలో చోటు లేదు. న్యాయస్థానంలో స్త్రీ తరఫున ఆమె సంరక్షకుడైన మగవాడే నిలబడాలి.

ఇప్పుడు మన సంగతి చూడండి. మార్చి 8 వచ్చిందంటే శాలువాలు కప్పుతారు, 'మాతృమూర్తి' అంటారు. అంటే మూడో రకం ప్రసంగం మన గురించి ధారాళంగా సాగుతుంది. మొదటి రెండు చోట్ల మాత్రం మన బదులు మరొకరు మాట్లాడతారు. 1992 నాటి 73వ రాజ్యాంగ సవరణ పంచాయతీల్లో మూడో వంతు స్థానాలు స్త్రీలకిచ్చింది. తెలంగాణ 2018 చట్టం సగం ఇచ్చింది. అయినా ఎన్ని ఊళ్లలో సర్పంచ్ భర్త కుర్చీలో కూర్చోవడం లేదు? ఏథెన్సు సంరక్షకుడు చచ్చిపోలేదు.

చదువుకుంటే ఈ పరిస్థితి మారుతుందా? యూరప్ బడుల్లో శతాబ్దాలపాటు వ్యాకరణం, తర్కం, వక్తృత్వం అనే మూడూ పునాది చదువులు. మన బళ్లలో వక్తృత్వమంటే పోటీ, బట్టీ పట్టిన ప్రసంగం, ఒక బహుమతి. 'స్త్రీ విద్య' మీద మొదటి బహుమతి తెచ్చుకున్న పిల్ల, పదో తరగతి కాగానే కుదిర్చిన పెళ్లి వద్దని ఇంట్లో అనలేకపోతుంది. తన మాట తాను చెప్పుకోవడం ఆమెకెవరూ నేర్పలేదు.

నోరు మూయించడం మన నేలకు కొత్త కాదు. 1921లో హైదరాబాద్‌లో జరిగిన ఒక సంఘ సంస్కరణ సభలో అల్లంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోతే గేలి చేశారు. ఆ అవమానంలోంచే ఆంధ్ర జనసంఘం పుట్టింది. అది పెరిగి 1930లో జోగిపేటలో ఆంధ్ర మహాసభ అయింది. మహాసభతో పాటే మహిళా సభలూ జరిగాయి. 1935లో మన సిరిసిల్లలో జరిగిన మహిళా సభకు మాడపాటి మాణిక్యమ్మ అధ్యక్షురాలు. సభ పెట్టుకోవడానికే నిజాం సర్కారు అనుమతి కావలసిన రోజులవి. ఉమ్మడి కరీంనగర్ జిల్లా గడ్డ మీద స్త్రీ సభకు అధ్యక్షత వహించి తొంభై ఏళ్లు దాటిందని గుర్తుంచుకోండి.

ఇక పనికొచ్చే మాట. ఎదుటివాళ్లు నమ్మడానికి మూడు ఆధారాలు కావాలన్నాడు అరిస్టాటిల్: చెప్పే మనిషి మీద నమ్మకం, వినేవాళ్ల మనసు కదలడం, విషయంలోని రుజువు. బీడీలు చేసే అక్క సంగతే తీసుకోండి. ఇచ్చిన తునికాకు తక్కువ, వెయ్యి బీడీలు మాత్రం పూర్తిగా కావాలంటారు. ఆమె ఏడ్చి వచ్చేస్తే అన్యాయం అక్కడే ఉంటుంది. "ఇరవై ఏళ్లుగా చేస్తున్న, నా బీడీలకు వంక లేదు" అంటే మొదటిది. "కొరత ఆకు నేనే కొనుక్కుంటున్న, పిల్లల కడుపు కొట్టి" అంటే రెండోది. "ఇదిగో ఆకు, తూకం వేయండి. ఎన్ని బీడీలయితయో మీ ముందటనే చుట్టి చూపిస్త" అంటే మూడోది. మనకు మొదటి రెండూ బాగానే వచ్చు. మూడోదాన్ని వదిలేస్తాం. తేదీలు, రసీదులు, లెక్కలు, సాక్షులు లేకుండా వెళతాం. పోలీసు ఠాణాలోనూ, బెల్టు షాపు మీద గ్రామసభలోనూ మనం వెనక్కి రావడానికి చాలాసార్లు కారణం అదే.

ఇదంతా మాయమాటల విద్య కదా అని ప్లేటో కాలం నుంచీ అనుమానం ఉంది. అనుమానం సబబే. ఆ విద్యతో మోసమూ చేయవచ్చు. కానీ మోసం చేసేవాళ్లకు అది ఇప్పటికే వచ్చు. రానిది మనకే.

మధ్యాహ్నం మీలో ప్రతి ఒక్కరూ లేచి నిలబడి, మీ ఊరి సమస్య ఒకటి అయిదు నిమిషాల్లో చెప్పాలి. మీ యాసలోనే చెప్పండి. మిగతావాళ్లు చప్పట్లు కొట్టవద్దు, ప్రశ్నలు వేయండి. జవాబు చెప్పగలిగిననాడు గ్రామసభకు మనమే వెళదాం.