కరువు భత్యంలో సగం
(పెన్షనర్ల దినోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



అర్థశాస్త్రం చెప్పేటంత చదువు నాకు లేదు. జీతాల బిల్లులు వ్రాసిన అనుభవం ఉంది. అందులోంచే నాలుగు మాటలు మనవి చేస్తాను.

నేను 1973లో కేంద్ర ప్రభుత్వ కార్యాలయంలో ఎల్.డి.సి.గా చేరాను. అంతకు ముందటి ఏడు వర్షాలు లేవు. ఆ ఏడు అరబ్-ఇజ్రాయిల్ యుద్ధం వచ్చి, కొద్ది నెలల్లోనే ముడి చమురు ధర నాలుగింతలైంది. 1974 నాటికి ధరల పెరుగుదల 20 శాతం దాటింది.

ఆ జులైలో ఆర్డినెన్సు వచ్చింది. కొత్తగా పెరిగే కరువు భత్యంలో సగం నిర్బంధ డిపాజిట్ చేయాలి. జనం చేతిలో డబ్బు తగ్గితే ధరలు దిగుతాయని ప్రభుత్వం లెక్క. తర్వాత వడ్డీతో, వార్షిక వాయిదాలలో తిరిగి ఇస్తామన్నారు.

ఆ కోత వ్రాసిన చెయ్యి నాదే. మా అటెండరు రెవిన్యూ స్టాంపు మీద సంతకం పెడుతూ, "ధరలు పెరిగాయనే కదా బాబూ ఈ భత్యం ఇచ్చింది! సగం మీరు పట్టుకుంటే, కొట్లో కూడా సగం ధరే తీసుకుంటారా?" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. మా ఇంట్లోనూ అమ్మ పాలు తగ్గించింది, మజ్జిగ పలచబడింది.

న్యాయం చెప్పుకోవాలి. 1974 చివరి నుంచి ధరలు దిగాయి. 1975లో పంటలు బాగా పండటం కూడా కలిసి వచ్చింది. డిపాజిట్ డబ్బూ వాయిదాలలో తిరిగి వచ్చింది. మా తమ్ముడు ఆ వయసులో త్రాగవలసిన పాలు మాత్రం తిరిగి రాలేదు. అసలు భత్యమే లేని కూలివారి సంగతి ఏ బిల్లులోనూ లేదు.

మళ్ళీ 2020లో కరోనా వచ్చింది. కేంద్ర ఉద్యోగులకూ, పెన్షనర్లకూ మూడు విడతల కరువు భత్యం ఆపారు. 2021 జులై నుంచి రేటు 17 శాతం నుంచి 28 శాతానికి పెంచారు గానీ, మధ్యలోని 18 నెలల బకాయి ఇవ్వలేదు. దానివల్ల మిగిలినది సుమారు 34,402 కోట్ల రూపాయలని ప్రభుత్వమే పార్లమెంటులో చెప్పింది. ఆ 18 నెలలూ మా ఆవిడ బి.పి. మాత్రలకు పూర్తి ధరే చెల్లించాను. అప్పుడు మా అటెండరు మాటే గుర్తుకు వచ్చింది.

దేశానికి కష్టం వస్తే మనం ఇవ్వమని కాదు. పనికి తిండి లేక నడిచిపోయిన వలస కూలీలకన్నా మన స్థితి ఎంతో మెరుగు. కానీ 1974లో తీసుకున్నది అప్పుగా వ్రాసుకున్నారు. 2020లో అసలు ఖాతాలోనే వ్రాయలేదు. తీసుకునేటప్పుడు తిరిగి ఇచ్చే తేదీ కూడా చెప్పమని అడగడం మన హక్కు.

చివరిగా ఒక్క మనవి. మీ పెన్షను కాగితాలు భద్రపరచండి. వాటిని చదవడం ఇంట్లోవారికీ నేర్పండి. రేపు ఫ్యామిలీ పెన్షను లెక్క చూసుకోవలసింది వారే.