మార్కుల పక్కన పాటకూ చోటు
(సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



విద్య గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శిగారు ఆదేశించారు. హైస్కూళ్ళలో ముప్పై ఏళ్ళు పనిచేసినవాణ్ణి కనుక ఒక బడి గురించే చెబుతాను. అయితే అది మన ఊరి బడి కాదు, న్యూయార్కు నగరంలోని ప్రభుత్వ హైస్కూలు. పిల్లల దగ్గరకు అమెరికా వెళ్ళివచ్చిన వారిలో కొందరు లగార్డియా విమానాశ్రయంలో దిగే ఉంటారు. ఆ పేరు ఎవరిదో ఆ బడి పేరూ వారిదే.

ఫియొరెల్లో లగార్డియా 1934 నుంచి 1945 వరకు న్యూయార్కు మేయరు. తండ్రి ఇటలీ నుంచి వలస వచ్చి అమెరికా సైన్యంలో బ్యాండు మాస్టరుగా పనిచేశాడు. తల్లి యూదు కుటుంబపు స్త్రీ. వలసవాళ్ళు ఓడలు దిగే ఎల్లిస్ ద్వీపంలో లగార్డియా వయసులో ఉండగా దుబాసీగా పనిచేశాడు. ఇంట్లో సంగీతం, ఉద్యోగంలో నానా దేశాల జనం. ఆయన మేయరయ్యేనాటికి దేశం ఆర్థిక మాంద్యంలో ఉంది. తిండికే కటకటగా ఉన్న రోజుల్లో, 1936లో, ఆయన సంగీతానికీ చిత్రకళకూ ఒక ప్రభుత్వ హైస్కూలు పెట్టించాడు. ఇది దుబారా అనుకోలేదు. డబ్బున్నవాడు ఇంటికే మాస్టారిని పిలిపించుకుంటాడు, లేనివాడి బిడ్డకు సర్కారే ఆ మాస్టారిని ఇవ్వాలి అన్నదే ఆ బడి వెనుక ఉన్న ధర్మం.

1940ల చివర నాట్యం, నటన నేర్పే మరో బడి వచ్చింది. 1980లో వచ్చిన 'ఫేమ్' అనే సినిమాకు ఆధారం ఆ బడే. 1984లో రెండూ లింకన్ సెంటర్ పక్కన ఒకే భవనంలోకి చేరాయి. ఇప్పుడు అక్కడ చదువుకునేవారు రెండున్నర వేలమంది దాకా ఉంటారు. నగరం నలుమూలల నుంచి రైలెక్కి వస్తారు. నల్లవారు, తెల్లవారు, స్పానిష్ మాట్లాడేవారు, చైనీయులు, మనవారు ఒకే వాద్యబృందంలో కూర్చుంటారు. ఫీజు లేదు.

ప్రవేశం ఎలాగంటే, పాడేవారు పాడి వినిపించాలి. నటించేవారు ఏకపాత్రాభినయం చేయాలి. బొమ్మలు వేసేవారు తమ బొమ్మలు చూపాలి. చేరిన తరువాత రోజులో కొన్ని పీరియడ్లు కళకు, మిగిలినవి లెక్కలు, సైన్సు, చరిత్రలకు. కళ ఉంది కదా అని చదువు తప్పదు, చదువు ఉంది కదా అని కళ తప్పదు.

దీనివల్ల ఏం ఒరిగిందంటారా? ఆర్థర్ మిచెల్ సంగతి చెబుతాను. న్యూయార్కు హార్లెమ్‌లో పుట్టిన నల్లజాతి పిల్లవాడు. చిన్నప్పుడే ఇంటి భారం మీద పడింది. బడిలో ఒక సలహాదారు వాడి నాట్యం చూసి, కళల హైస్కూలుకు వెళ్ళి ప్రయత్నించమన్నారు. వెళ్ళాడు, చేరాడు, 1952లో చదువు ముగించాడు. 1955లో న్యూయార్కు సిటీ బ్యాలేలో ప్రవేశించి, ఆ సంస్థ ప్రధాన నర్తకులలో మొదటి నల్లజాతీయుడయ్యాడు. మార్టిన్ లూథర్ కింగ్ హత్య తరువాత, 1969లో, తన హార్లెమ్‌లోనే నాట్య సంస్థను నెలకొల్పి అక్కడి పిల్లలకు నేర్పాడు. ఒక ఉపాధ్యాయ గది నుంచి వచ్చిన ఒక్క మాట ఎంత దూరం పోయిందో చూడండి.

అంతా సవ్యంగా ఉందని మాత్రం చెప్పను. అక్కడా మార్కుల బెడద వచ్చింది. ప్రవేశానికి పాత మార్కులకూ హాజరుకూ ప్రాధాన్యం పెరిగి, కళ వెనకబడుతోందని 2019లో వందలాది విద్యార్థులు బడి వరండాల్లో బైఠాయించారు. పైగా, నగరపు బడుల్లో నల్లజాతి, స్పానిష్ కుటుంబాల పిల్లలు ఎంతమంది ఉన్నారో ఆ దామాషాలో ఈ బడిలో లేరు. ముందే ప్రైవేటుగా నేర్చుకున్న పిల్లవాడికి పరీక్షలో మొగ్గు ఉంటుంది కదా. అంటే తలుపు తెరిచి ఉంచితే చాలదు, గడప దాకా చేయిపట్టి తీసుకువచ్చేవారు కావాలి. ఆర్థర్ మిచెల్‌కు ఆ సలహాదారు దొరికారు. దొరకనివారి లెక్క ఏ రిజిస్టరులోనూ ఉండదు.

మిత్రులారా, మన హైస్కూళ్ళలో డ్రాయింగు మాస్టారు, క్రాఫ్టు టీచరు, సంగీతం టీచరు మీకు గుర్తే. పరీక్షలు దగ్గరపడితే ముందుగా ఎగిరిపోయే పీరియడ్లూ వారివే. లెక్కల మాస్టారు వచ్చి అడిగి పుచ్చుకునేవారు. మన మనవలకు డబ్బిచ్చి సంగీతం క్లాసుకు పంపుతున్నాం. మన ఇంట్లో పనిచేసే అమ్మాయి కూతురు బాగా పాడితే ఎక్కడికి పంపాలి?

న్యూయార్కు బడి వంటిది మనం కట్టలేం. కాని మనలో పరిషత్తు నాటకాల్లో వేషాలు కట్టినవారున్నారు, హార్మోనియం వాయించేవారున్నారు, రంగవల్లులూ కుట్టుపనీ వచ్చిన సోదరీమణులున్నారు. ప్రధానోపాధ్యాయుల అనుమతితో వారానికి ఒక్క పీరియడు దగ్గరలోని ప్రభుత్వ బడికి వెళ్దాం. పాఠం చెప్పడం ఒక పని. గొంతున్న పిల్లనూ, చేతివాటమున్న పిల్లవాడినీ గుర్తుపట్టి, తల్లిదండ్రులతో ఒక మాట చెప్పడం అంతకన్నా పెద్ద పని. ఇష్టమున్నవారు ఈ సాయంత్రమే కార్యదర్శిగారి వద్ద పేరు రాయించండి. మొదటి పేరు నాది.